రోగిసేవయే మాధవసేవ



శ్రీకాకుళం జిల్లా అరసవల్లిలో వెలసిన శ్రీ సూర్యనారాయణస్వామిని మనం ఆరోగ్యప్రదాతగా కొలుస్తున్నాము. ఆ జిల్లాలోనే కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాలతో కూడిన ఉద్దానం ఉన్నది. కొబ్బరితోటలతో కళకళలాడే ఆ సీమలో వేలాదిమంది దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధితో బాధపడుతున్నారు. దానికి మూలకారణం ఇదమిత్థమని నేటికీ తేలలేదు.

మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిన్నవారికి వారానికి రెండు మూడు మార్లు, ప్రతిమారు సుమారు 4 గంటలసేపు, డయాలసిస్ యంత్రంతో రక్తశుద్ధి జరగాలి. అట్టివారి జీవనసుఖం దేనిపై ఆధారపడి ఉన్నది? వ్యాధి తీవ్రత ఒక్కటే దానిని నిర్ణయించదు. 1948లో అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి శారీరక, మానసిక, సామాజిక క్షేమాలు మూడింటినీ కలిపి ఆరోగ్యమన్నది.

ఒకే వ్యాధిగల ఇరువురిని తలచుకొందాము. ఒకరికి చికిత్స ఇంటికి దగ్గరలోనే లభిస్తుంది. మరొకరు దూరప్రయాణం చేయాలి. ఆనాడు రోగికీ, తోడువచ్చినవారికీ కూలి పోతుంది. అందుచేతనే 2023లో పలాసలో మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రి ప్రారంభం కావడం ఆ ప్రాంతానికి ఎంతో ఊరట.

ధనం, దూరం తరువాత చెప్పదగినది మన మాట. "పూర్వజన్మ పాపం" అని మనం అనాలోచితంగా అనే మాట సూదికన్న లోతుగా గుచ్చుకొంటుంది. ఇంటిల్లిపాదికీ భారమైనానన్న దిగులు రోగికి నిద్రను, ఆకలిని, చివరకు మందు వేసుకోవాలన్న ఆసక్తిని కూడ హరిస్తుంది.

మన ఆదరణలోనూ వివేకం ఉండాలి. కొబ్బరినీటిలో పొటాషియం అధికం. పనిచేయని మూత్రపిండాలు దానిని వెలుపలికి పంపలేవు. అది రక్తంలో పేరుకొంటే గుండె లయ తప్పుతుంది. త్రాగే నీటికి సైతం వైద్యులు కొలత పెడతారు. కావున అట్టివారిని "ప్రసాదం కాదనరాదు" అని బలవంతపెట్టరాదు. తీర్థం ఒక్క బిందువైనా తీర్థమే. ప్రసాదాన్ని కన్నులకద్దుకొన్నా స్వీకరించినట్లే.

మ్రొక్కు మందుకు తోడు కావాలి గాని, మందును మాన్పించరాదు. మన వీధిలో అట్టివారుంటే ఒకనాడు ఆసుపత్రికి తోడు వెళదాము. ఆ 4 గంటలు వారి చెంత కూర్చుండటమే ఆనాటి మన అర్చన.

ఆదిత్యుడు మనందరికీ ఆ కరుణను ప్రసాదించుగాక!