తుపాకి గొట్టంలో ఐదు వందల ఏళ్ల మసి

టెక్సస్‌లో వేట శిక్షణ తరగతికి వెళ్లినవాళ్లకి తప్పకుండా చెప్పే పాఠాల్లో రెండు తూటాల కథ ఒకటి. పసుపు రంగుది 20 గేజ్, పక్కన ఎర్రది 12 గేజ్. పొరపాటున పసుపు తూటాని 12 గేజ్ షాట్‌గన్‌లో వేస్తే అది కింద పడిపోదు, పైనా ఆగదు. జారుకుంటూ వెళ్లి తూటా గదికి కాస్త ముందు, గొట్టం సన్నబడే చోట ఇరుక్కుంటుంది. వేటగాడు ట్రిగ్గర్ నొక్కితే పేలదు. తెరిచి చూస్తే ఖాళీగానే కనబడుతుంది. ‘అరె, తూటా పెట్టడం మరిచానే’ అనుకుని ఈసారి సరైన ఎర్ర తూటా పెట్టి కాలుస్తాడు. ముందున్నదాన్ని వెనకది గుద్దుతుంది. గొట్టం చీలిపోతుంది, అదీ ఎడమ చెయ్యి పట్టుకునే చోటికి దగ్గర్లోనే. అందుకే అమెరికాలో 20 గేజ్ తూటాలకి పసుపు రంగు ఆనవాయితీ అయింది. చూపుకి అందం కోసమేమీ కాదు.

ఈ యంత్రంలో ప్రతి జాగ్రత్త వెనకా ఇలాంటి గొడవ ఒకటి ఉంటుంది. కొత్తగా తుపాకి పట్టినవాడికి చెప్పే నియమాలన్నీ కలిపి చదివితే అది తుపాకి జీవితచరిత్రే. కాకపోతే చివరి పేజీ నుంచి వెనక్కి చదవాలి.

టెక్సస్ పేరు ఊరికే ఎత్తలేదు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటాడాలంటే అక్కడ ఈ శిక్షణ ఉండాలి. డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎంతమందో ఉన్నారు కదా, వాళ్లకి సంబంధించిన చిత్రమైన మెలిక ఒకటి అమెరికా ఫెడరల్ చట్టంలో ఉంది. హెచ్‌-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి దగ్గర ఉంచుకోవడం నేరం. అయితే చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. అంటే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి తుపాకి దారి జింకల మీదుగా పోతుందన్నమాట. మన దేశంలో సంగతి వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తర్వాతి సవరణలతో సరదా వేట ముగిసిపోయింది. లైసెన్సున్న తుపాకి ఇప్పుడు ప్రధానంగా ఆత్మరక్షణకి, షూటింగ్ రేంజికి పరిమితం. అడవి అంచు పల్లెల్లో అప్పుడప్పుడు పోలీసులు పట్టుకునే నాటు తుపాకులు, వార్తల్లో భర్మార్లని రాసేవి, గొట్టం మూతిలోంచి మందు కూరే రెండు వందల ఏళ్ల నాటి పద్ధతికి మిగిలిపోయిన వారసులు.

గేజ్ లెక్క కొత్తవాళ్లని కంగారు పెడుతుంది. 12 పెద్దదట, 20 చిన్నదట! దీనికీ పాత కారణమే. గొట్టంలో సరిగ్గా పట్టే సీసం గుండ్లు పౌనుకి ఎన్ని తూగితే అది ఆ గొట్టం అంకె. పన్నెండు గుండ్లు తూగేది 12 గేజ్, వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఇరవై తూగేది 20 గేజ్, సుమారు 15.6. గుండు చిన్నదయ్యే కొద్దీ అంకె పెరుగుతుంది. సంతలో నిమ్మకాయల బేరం లాంటిదే, పది రూపాయలకి ఎక్కువ కాయలొస్తే కాయ చిన్నదని అర్థం.

షాట్‌గన్ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. రైఫిల్ గొట్టంలో మెలిక తిరిగిన గాడులుంటాయి. రైఫిల్ అన్న పేరే ‘గాడులు పెట్టడం’ అనే అర్థంలోంచి వచ్చింది. జర్మన్ పట్టణాల పనివాళ్లు దాదాపు ఐదు వందల ఏళ్ల కిందటే గాడులు చెక్కారు. అవి ఎందుకు పనిచేస్తున్నాయో మాత్రం వాళ్లకి తెలీదు. ఆ ఎందుకు తేల్చిన మనిషి చివరికి మన తీరానికే వచ్చి చనిపోయాడు.

ఆయన బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషు గణితవేత్త. 1742లో తుపాకి శాస్త్రం మీద పుస్తకం వేశాడు. బరువైన లోలకం వేలాడదీసి, దానిలోకి గుండు కాల్చి, అది ఎంత ఊగిందో కొలిచి గుండు వేగం లెక్కగట్టాడు. అంతవరకూ ఆ వేగాన్ని ఎవరూ సరిగ్గా కొలవలేదు. గాలి అంత వేగంగా వెళ్లే వస్తువుని ఎంత గట్టిగా అడ్డుకుంటుందో కూడా ఆ కొలతలే బయటపెట్టాయి. నున్నటి గొట్టంలోంచి వచ్చే గుండు గోడల్ని తాకి ఎటు పడితే అటు తిరుగుతుందనీ, ఆ తిరుగుడుకి గాలి తోడై దారి తప్పిస్తుందనీ చూపించాడు. గాడులున్న గొట్టం అయితే గుండుని తన దారి చుట్టూనే తిప్పుతుంది. వేగంగా తిరిగే బొంగరం ఒరగనట్టే ఆ గుండూ ఒరగదు. ఆ పుస్తకాన్ని మహాగణితవేత్త ఆయిలర్ జర్మన్‌లోకి మార్చి, తన వ్యాఖ్యానం కూడా చేర్చాడు. తర్వాత ఈస్టిండియా కంపెనీ రాబిన్స్‌ని కోటలు బాగుచేయడానికి ఇక్కడికి పంపింది. 1751లో కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో పోయాడు.

ఇవాళ్టి ‘థర్టీ ఆట్ సిక్స్’ రైఫిల్, అంటే 1906లో అమెరికా సైన్యం తీసుకున్న తూటా కొలతలో చేసినది, సాధారణంగా పది అంగుళాల గొట్టానికి ఒక మెలిక చొప్పున గాడులతో వస్తుంది. తూటా సెకనుకి 800 మీటర్లు దాటి బయటపడుతుంది. ఆ రెండూ కలిపి లెక్కవేస్తే తూటా నిమిషానికి సుమారు 2 లక్షల చుట్ల వేగంతో తిరుగుతోందని తేలుతుంది. రాబిన్స్ బతికుంటే ఈ అంకె చూసి ఎంత మురిసిపోయేవాడో.

అయితే గాడులున్న గొట్టంలోకి మూతి నుంచి గుండు దించడం మహా కష్టం. జిడ్డు గుడ్డ చుట్టి, కడ్డీతో దట్టించాలి. 1849లో ఫ్రెంచి సైనికాధికారి మినియే అడుగున బోలుగా ఉండే తూటా చేశాడు. సులువుగా జారుతుంది, పేలగానే అడుగు విచ్చుకుని గాడుల్ని పట్టుకుంటుంది. ఆ వంశంలోదే ఎన్‌ఫీల్డ్ రైఫిల్. దాని కాగితపు తూటా జారడానికి పూసిన కొవ్వు 1857లో ఏం చేసిందో మన బడి పుస్తకాల్లోనే ఉంది.

ఇక నిప్పు సంగతి. శిక్షణలో మరో నియమం చెబుతారు: ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే వెంటనే తెరవొద్దు, గురి అటే ఉంచి కనీసం ముప్పై సెకన్లు ఆగు. మందు ఆలస్యంగా అంటుకునే అవకాశం ఇంకా ఉంటుంది. చకుముకి రాయి రోజుల్లో ఈ ఆలస్యం రోజువారీ వ్యవహారం. రాయి నిప్పురవ్వ రాల్చాలి, బయట చిన్న పళ్లెంలోని మందు భగ్గుమనాలి, ఆ మంట సన్నటి రంధ్రంలోంచి లోపలికి పాకాలి. ఈలోగా పిట్ట ఎగిరిపోయేది. స్కాట్లండ్‌లో బెల్‌హెల్వీ అనే ఊరి చర్చి పాస్టరు అలెగ్జాండర్ ఫోర్సిత్‌కి ఇదే చిరాకు. నీటి పక్షులు ఆ మెరుపు చూసి గుండు చేరేలోపే మునిగేవి. అప్పటికి దెబ్బ తగిలితే పేలే ఫల్మినేట్ లవణాలు రసాయనవేత్తలకి తెలుసు. 1800లో ఎడ్వర్డ్ హోవార్డ్ పాదరసపు ఫల్మినేట్ గురించి రాశాడు. ఫోర్సిత్ ఆ రకం పేలుడు పదార్థాన్ని సుత్తిదెబ్బతో పేల్చే ఏర్పాటు చేసి 1807లో పేటెంటు పొందాడు. ఇప్పటి చాలా తూటాల అడుగున కనబడే చిన్న గుండ్రటి ప్రైమర్‌కి పూర్వీకుడు అదే. ఆదివారం ప్రసంగానికీ బాతుల వేటకీ మధ్య దొరికిన తీరికలో ఒక పాస్టరు ప్రపంచ సైన్యాలన్నిటి ఆయుధాన్ని మార్చేశాడు.

శుభ్రం చేసే బల్ల దగ్గరికి వస్తే కథ అసలైన రుచికొస్తుంది. ముందు ఆ బల్ల మీద తూటా ఒక్కటీ ఉండకూడదు. తుపాకి తెరిచి, గదిలోకి కంటితో చూసి, వేలు పెట్టి తడిమి, ఖాళీ అని రూఢి చేసుకున్నాకే కడ్డీ ముట్టుకోవాలి. కుదిరినంతవరకూ వెనక కొస నుంచే తోయాలి. గొట్టం మూతి అంచు రవ్వంత అరిగినా, బయటికొచ్చే తూటా వెనక వాయువు ఒక పక్క ముందు జారిపోయి తూటాని పక్కకి నెడుతుంది. కాల్చి పాడైన గొట్టాల కన్నా కడ్డీ రాసి పాడైనవే ఎక్కువని పాతకాపులు అనేది ఇందుకే.

ఏం తుడవాలి? ఇక్కడే మూడు యుగాల మసి ఉంది. సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన పాత మందు కాలితే సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలిపోతుంది. ఆ మిగులు గాలిలో తేమని పీల్చుకుని ఇనుముని తింటుంది. దానికి విరుగుడు వేడినీళ్లూ సబ్బే. 1884లో ఫ్రెంచి రసాయనవేత్త పాల్ వియెల్ పొగరాని మందు చేశాడు. పొగ పోయింది, మసి తగ్గింది, తూటా వేగం ఒక్కసారిగా పెరిగింది. గొట్టాలు మాత్రం తుప్పు పడుతూనే ఉన్నాయి. నూనె రాసినా పట్టేవి! దోషి ఎవరో తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. ప్రైమర్‌లోని పొటాషియం క్లోరేట్ పేలాక పొటాషియం క్లోరైడ్‌గా మారుతుంది. అది మన వంటింటి ఉప్పుకి దగ్గర చుట్టం. ఉప్పు నూనెలో కరగదు. ఊరగాయలో తేలిన నూనె కింద ఉప్పు ఎలా ఉంటుందో, నూనె పొర కింద అలాగే కూచుని తేమ లాగేది. అందుకే లీ-ఎన్‌ఫీల్డ్ పట్టిన బ్రిటిష్ సిపాయిలు గొట్టంలో మరిగే నీళ్లు పోసేవారు, అందుకో ప్రత్యేకమైన గరాటు కూడా ఉండేది. 1920లలో తుప్పు పట్టించని ప్రైమర్లు వచ్చాయి. అయినా చవగ్గా దొరికే పాత మిలిటరీ తూటాలు కొన్నవాడికి ఇప్పటికీ ఆ వేడినీళ్ల పాఠం అవసరమే.

మూడోది రాగి. వేగం పెరిగాక మెత్తటి సీసం గాడుల్లో నిలవలేక చిరిగిపోవడం మొదలైంది. దానికి రాగి మిశ్రమంతో తొడుగు వేశారు. ఇప్పుడు ఆ రాగే పలచగా గాడులకి అంటుకుంటుంది. దాన్ని అమ్మోనియా కలిసిన ద్రావకం కరిగిస్తుంది. తుడిచిన గుడ్డ నీలంగా బయటికొస్తే రాగి ఉన్నట్టు. కొత్తవాళ్లు ఇక్కడ భలే మోసపోతారు. గుడ్డ ఎంతకీ తెల్లబడదు. గంటసేపు తోముతారు. చివరికి తెలిసేదేమిటంటే, వాళ్ల చేతిలోని బ్రష్షే కంచుది, ద్రావకం దాన్ని కరిగించి నీలం రంగు ఇస్తోంది!

షాట్‌గన్‌లో ఈ బాధ లేదు, అక్కడ తూటాలోని చిన్న చిన్న గుళ్లకీ గొట్టానికీ మధ్య ప్లాస్టిక్ గిన్నె ఉంటుంది. ఆ గుళ్లకి వేరే చరిత్ర ఉంది. గుండ్రటి గుళ్లు చేయడం ఒకప్పుడు పెద్ద తలనొప్పి. బ్రిస్టల్‌లో విలియం వాట్స్ అనే ప్లంబరు 1782లో పేటెంటు తీసుకున్నాడు. తన ఇంటి మీదే ఎత్తు పెంచి, జల్లెడలోంచి కరిగిన సీసం కిందికి పోశాడు. వాన చినుకులా తలతన్యత దాన్ని గుండ్రం చేస్తుంది, అడుగున నీళ్లు చల్లారుస్తాయి. యూరప్, అమెరికాల్లో ఇందుకోసం గోపురాలే కట్టారు. 19వ శతాబ్దం రెండో సగంలో గొట్టం మూతిని కొంచెం బిగించే ‘చోక్’ వచ్చింది. బాగా బిగించిన ఫుల్ చోక్‌తో 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయంలో దాదాపు 70 శాతం గుళ్లు పడతాయి.

ఆ సీసమే తర్వాత శాపమైంది. బాతులు మేత అరగదీయడానికి గులకరాళ్లు మింగుతాయి. చెరువు అడుగున పడ్డ గుళ్లనీ రాళ్లనుకుని మింగి విషంతో చచ్చేవి. 1991 నుంచి అమెరికా అంతటా నీటి పక్షుల వేటలో సీసం నిషేధం. బదులుగా వచ్చిన ఉక్కు గుళ్లు తేలిక. ఘనసెంటీమీటరు సీసం 11.3 గ్రాములుంటే ఉక్కు 7.8 గ్రాములే. అందుకని రెండు సైజులు పెద్దవి ఎంచుకోవాలి. పైగా ఉక్కు నలగదు, బాగా బిగిసిన పాత చోక్‌లోంచి కాలిస్తే గొట్టానికే ముప్పు. తాతగారి తుపాకి వారసత్వంగా వచ్చినవాడికి ఇది మొదట తెలియాలి. అది డమాస్కస్ గొట్టమైతే, అంటే ఇనుమూ ఉక్కూ పట్టీలు పెనవేసి చేసిందైతే, ఇప్పటి తూటాల్ని అసలు చూపించకూడదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఉక్కు కత్తులుగా మారి డమాస్కస్ పేరుతో లోకమంతా కీర్తి గడించింది. ఈ గొట్టాలు అరువు తెచ్చుకున్నది ఆ చారల అందాన్నీ ఆ పేరునీ మాత్రమే, ఆ ఉక్కుని కాదు.

మళ్లీ రైఫిల్ దగ్గరికొస్తే, బోల్టు తిప్పే వేట రైఫిళ్లలో చాలా భాగం ఇప్పటికీ జర్మన్ తుపాకుల తయారీదారు పాల్ మౌజర్ 1898 నమూనాకి మనవలే. తలుపు గడియలా తిప్పి మూసే బోల్టు, ముందు రెండు చెవులు, అవి విరిగితే ఆదుకోవడానికి వెనక మూడోది, తూటా తొడుగు పగిలితే వేడి వాయువు కంట్లో కొట్టకుండా పక్కకి పంపే రంధ్రాలు. అంత ముందుచూపున్న మనిషికే 1901లో, మరో రైఫిల్‌ని పరీక్షిస్తుండగా ఎడమ కన్ను పోయింది.

తుడిచిన రైఫిల్‌తో మర్నాడు రేంజికి వెళ్లిన కొత్తవాడు కంగుతింటాడు. నిన్న సరిగ్గా పడిన గురి ఇవాళ మొదటి దెబ్బకే పక్కకి పోయింది. టెలిస్కోపు మరలు తిప్పేస్తాడు. రెండోది ఇంకోవైపు పోతుంది. చాలాసార్లు తప్పు టెలిస్కోపుది కాదు, గొట్టంలో మిగిలిన నూనెది. మొదటి తూటా ఆ నూనె మీద జారుతూ తన దారిన తాను పోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు కాల్చేముందు ఎండు గుడ్డ ఒకటి లోపలికి తోస్తారు. పొడి అయ్యాకే 100 గజాల దగ్గర మూడేసి దెబ్బలు చూసి మర తిప్పుతారు, సాధారణంగా ఒక్కో క్లిక్‌కి పావు అంగుళం. గొట్టాన్ని మోసే కొయ్య మడమ వానాకాలం తేమకి ఉబ్బి గొట్టాన్ని తాకినా గురి కదులుతుంది. ఫైబర్ గ్లాసు మడమలు వచ్చింది ఆ బాధ తప్పించుకోవడానికే.

ఇంటికొచ్చి బీరువాలో పెట్టేటప్పుడు చాలామంది తుపాకిని మూతి పైకి ఉండేలా నిలబెడతారు. మిగిలిన నూనె చుక్క చుక్కగా కిందికి దిగి వాల్‌నట్ కొయ్యలోకి ఇంకుతుంది. పాత షాట్‌గన్లని పట్టుకు చూస్తే ఇనుమూ కొయ్యా కలిసే మెడ దగ్గర నల్లటి మరక కనబడుతుంది, గోటితో నొక్కితే అక్కడ కొయ్య మెత్తగా దిగుతుంది. అది తెలిసినవాళ్లు మొదటి రాత్రి తుపాకిని తలకిందులుగా, మూతి కింద పాతగుడ్డ మడత వేసి నిలబెడతారు. తెల్లారేసరికి ఆ గుడ్డ మీద రూపాయి బిళ్లంత నూనె మరక.