తలుపు లోపలి గోగునార

చెరకు పిప్పితో కారు తలుపు చేయలేమా సార్ అని అనకాపల్లి తరగతి గదిలో ఓ కుర్రాడు అడిగాడు. ఈ ఊళ్లో పుట్టాల్సిన ప్రశ్నే. ఇక్కడ చెరకు పరిశోధన కేంద్రం పెట్టింది 1913లో. ఇక్కడి బెల్లం మార్కెట్ పేరు దేశమంతా తెలుసు. గానుగలోంచి వచ్చిన పిప్పిని ఎండబెట్టి, బెల్లం పెనం కింద పొయ్యిలోకి తోయడం ఈ చుట్టుపక్కల చూడనివాళ్లుండరు. కార్ల తలుపుల లోపలి పలకల్లో ప్లాస్టిక్‌తో పాటు మొక్కల నార కూడా ఉంటుందని చెప్పగానే వాడి ఆలోచన తిన్నగా ఆ పిప్పి కుప్ప మీదికే పోయింది.

పిప్పితో కష్టం, గోగుతో సులువు అన్నాను. ఎందుకో చెప్పాలంటే పలక లోపలికి వెళ్లాలి.

పలకను వంచితే ఆ బలం ముందుగా ప్లాస్టిక్ మీద పడుతుంది. ప్లాస్టిక్ మెత్తనిది, సాగుతుంది. సాగుతూ సాగుతూ తనలో ఉన్న నార పోగును ఒరుసుకుని లాగుతుంది. పోగు అంత తేలిగ్గా సాగదు. దాంతో రెండు కొసల నుంచి మధ్యకు, కొద్దికొద్దిగా, బలం ప్లాస్టిక్‌లోంచి పోగులోకి ఎక్కుతుంది. పోగు పొట్టిదైతే ఎక్కాల్సినంత బలం ఎక్కకముందే కొస వచ్చేస్తుంది. అప్పుడది తెగదు, ఊడి వస్తుంది. ఊడకుండా ఉండేందుకు కావలసిన కనీస పొడవుకు ఒక చక్కని లెక్క ఉంది: పోగు తెగే ఒత్తిడిని దాని మందంతో గుణించి, అతుకు బలానికి రెట్టింపుతో భాగించాలి. పోగు 400 మెగాపాస్కల్స్ దగ్గర తెగుతుందనీ, మందం 0.05 మిల్లీమీటర్లనీ, అతుకు 5 మెగాపాస్కల్స్ ఓర్చుకుంటుందనీ అనుకుందాం. జవాబు 2 మిల్లీమీటర్లు. ఇది తొలి మెట్టే. పోగు తన సత్తా అంతా చూపాలంటే దానికి ఎన్నో రెట్లు పొడవుండాలి. గోగు కాడ బెరడు నుంచి మీటరుకు మించిన నార వస్తుంది. గానుగలో నలిగిన పిప్పిలో ఉండేవి పొట్టి ముక్కలు, వాటితో కలిసి దాదాపు మూడోవంతు బెండు. బెండు ప్లాస్టిక్‌ను పీల్చుకుంటుందే గానీ బలమివ్వదు. పిప్పికి కాగితం, అట్టపలక మంచి దారులు.

ఆ లెక్కలో నన్ను ఎప్పుడూ పట్టి నిలిపేది అతుకు. గోగునారలో ఎక్కువ భాగం సెల్యులోజ్. దాని అణువు పొడవునా హైడ్రాక్సిల్ గుంపులుంటాయి, నీటిని చూస్తే పట్టేసుకుంటాయి. కారు కంపెనీలు వాడే పాలీప్రొపిలీన్ దీనికి పూర్తిగా ఎదురు, నీటిని దగ్గరికి రానివ్వదు. ప్లాస్టిక్‌ను కరిగించి నారతో కలిపితే రెండూ పక్కపక్కన ఉంటాయి, అంటుకోవు. అలాంటి పలకను విరిచి, విరిగిన అంచును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఒకవైపు నున్నగా ఊడివచ్చిన పోగులు, రెండోవైపు అవి వదిలిన కన్నాలు. ఒక్క పోగూ పనిచేయలేదన్నమాట.

ఇంత పడని జంటను కలపడం దేనికి? వేడి కారణంగా. నార 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర కమలడం మొదలవుతుంది. నైలాన్-6 కరగాలంటే 220 కావాలి. పాలీప్రొపిలీన్ 165 దగ్గరే కరుగుతుంది, పైగా చవక, తేలిక, మళ్లీ కరిగించి వాడుకోవచ్చు. ఆ 35 డిగ్రీల సందులోనే ఈ పని అంతా జరగాలి.

ఇక ఆ రెండింటినీ కలిపిన ఉపాయం. కొంత పాలీప్రొపిలీన్ తీసుకుని దాని గొలుసులకు అక్కడక్కడ మాలియిక్ ఎన్‌హైడ్రైడ్ అనే చిన్న వలయాన్ని అతికిస్తారు. దీన్ని వందకు 2 నుంచి 5 పాళ్లు కలిపితే చాలు. వేడిలో ఆ వలయం తెరుచుకుని నార మీది హైడ్రాక్సిల్‌తో ఎస్టర్ బంధం కట్టేస్తుంది. గొలుసు తోక మాత్రం తన సొంత జాతి పాలీప్రొపిలీన్‌లో చిక్కుపడి ఉంటుంది. నీటిని కోరే పక్కకు ఒక చేయి, నీటిని తరిమే పక్కకు ఇంకో చేయి. ముందుగా నారను పలచని కాస్టిక్ సోడాలో ముంచితే పైనున్న మైనం, హెమీసెల్యులోజ్ పోయి ఉపరితలం గరుకెక్కుతుంది, పట్టు ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు పలకను విరిస్తే పోగులు ఊడవు, అంచు దగ్గరే తెగుతాయి. రసాయనశాస్త్రంలో ఇంతకంటే ముచ్చటైన పని నాకు కనబడలేదు.

నారలన్నీ ఒకటి కాదు. ప్రతి పోగులోనూ సెల్యులోజ్ సన్న తంతువులు మెలికలుగా చుట్టుకుని ఉంటాయి. గోగుకు దగ్గరి జనపనారలో ఆ మెలిక పోగు నిడివికి 8 డిగ్రీల వాలులో, దాదాపు నిటారుగా ఉంటుంది, అందుకే అది బిరుసు. కొబ్బరి పీచులో వాలు 40 డిగ్రీలు దాటుతుంది, లాగితే స్ప్రింగులా సాగి తిరిగొస్తుంది. రబ్బరు పాలతో కలిపిన కోనసీమ పీచు సీటు మెత్తకు పనికొస్తుంది గానీ తలుపు పలకకు కాదు. ఒకే కారులో రెండు నారలకు రెండు కొలువులు.

గోగుకు అసలు పోటీదారు గాజు నార. గట్టిదనంలో గాజుది మూడు రెట్లు పైచేయి: సుమారు 72 గిగాపాస్కల్స్, గోగు జాతి నారలవి 20 నుంచి 30. కానీ గాజు సాంద్రత 2.5, గోగుది 1.45 దగ్గర. అదే బరువుకు గోగు పలక మందంగా వస్తుంది. వంగకుండా నిలబడే శక్తి మందానికి ఘనంగా పెరుగుతుంది: మందం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు. ప్లాస్టిక్ కూడా కలిశాక లెక్క చూస్తే, అదే బరువు పలకలో గోగు గాజుకు దాదాపు సరిసాటి. గాజు నార అచ్చుల్ని అరగదీస్తుంది, పనివాళ్ల చర్మాన్ని గుచ్చుతుంది. గోగు ఆ పనులు చేయదు. విరిగినా పదునైన పెంకులు లేవవు. తడికి మాత్రం గాజే మేలు. అందుకే నార పలకలు ఎక్కువగా కారు లోపలే ఉంటాయి.

ఇది కొత్త కల కాదు. 1941లో హెన్రీ ఫోర్డ్ సోయా చిక్కుడు పేరు చెప్పుకుని ప్లాస్టిక్ పలకల కారును చూపించాడు. ఉక్కు దొరకని తూర్పు జర్మనీ 1957 నుంచి ట్రబాంట్ కారు ఒంటి పలకల్ని నూలు వ్యర్థాలతో, ఫీనాల్ రెసిన్‌తో అచ్చు పోసింది. ఆ కార్లు ముప్పై లక్షలు తయారయ్యాయి. ఫీనాల్ రెసిన్‌లోనూ హైడ్రాక్సిల్ ఉంది కాబట్టి అతుకు బాధ లేదు, కానీ ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. పాత ట్రబాంట్లను ఏంచేయాలన్నది జర్మనీకి తలనొప్పి అయింది. 1990లలో మెర్సిడెస్ ఈ-క్లాస్ తలుపుల్లోకి జనపనార వచ్చింది. 2003లో టొయోటా రౌమ్ అదనపు టైరు మూతకు గోగు జాతి నార, 2013లో బీఎండబ్ల్యూ ఐ3 తలుపులకు అదే నార.

మనవాళ్లూ చేశారు. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఎ. వరదరాజులు ఈ రంగంలో ఏళ్ల తరబడి పరిశోధించారు. విజయవాడ నుంచి కె. మురళీమోహనరావు, కె. మోహనరావు 2007లో వక్క, వెదురు నారలు లాగితే ఎంత బలానికి తెగుతాయో కొలిచి అంతర్జాతీయ పరిశోధన పత్రికలో అచ్చువేశారు.

చిక్కు ముక్కు దగ్గర ఉంది. జర్మన్ కార్ల పరిశ్రమ పలక ముక్కను సీసాలో పెట్టి 80 డిగ్రీలకు వేడి చేసి, మనుషుల చేత వాసన చూపించి 1 నుంచి 6 వరకు మార్కులు వేయిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో గోగు కట్టల్ని నిలవ నీటి చెరువుల్లో ఊరబెడతారు. బాక్టీరియా పెక్టిన్‌ను తిని నారను విడదీస్తాయి. నీరు మురిగితే నార నల్లబడుతుంది, కంపు దాన్ని వదలదు. కార్ల కంపెనీ తెల్లని, వాసన లేని, ఒకే తీరు నార అడుగుతుంది. బారక్‌పూర్‌లోని కేంద్ర జనపనార పరిశోధన సంస్థ ఊరే రోజులు తగ్గించి, రంగు తేల్చే బాక్టీరియా పొడిని క్రైజాఫ్ సోనా పేరుతో తయారుచేసింది. గోగు మీద పనిచేసే కేంద్రం మనకు ఆమదాలవలసలో ఉంది. సాగు ఏటేటా తగ్గిపోతున్న ఈ పంటకు గోనెసంచి మిల్లు తప్ప ఇంకో కొనుగోలుదారు కావాలంటే, పని మొదలుపెట్టాల్సింది కారు కర్మాగారంలో కాదు, ఆ ఊరబెట్టే నీటిలో.