మాటకూ మాటకూ నడుమ 200 మిల్లీసెకన్లు

ఒకరు అడిగిన ప్రశ్నకు ఇంకొకరు జవాబు మొదలుపెట్టడానికి పట్టేది సుమారు 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో అయిదో వంతు. పరిశోధకురాలు తాన్యా స్టివర్స్ బృందం 10 భాషల్లో అవును, కాదు అని బదులిచ్చే ప్రశ్నలను పరిశీలించి 2009లో తేల్చిన సగటు ఇది. అందరికన్నా వేగం జపనీయులది, 7 మిల్లీసెకన్లు. నిదానం డెన్మార్క్ వాళ్లది, 469. అదీ అర సెకను లోపే.

ఈ లెక్కలో అసలు వింత వేరే ఉంది. బొమ్మ చూపించి పేరు చెప్పమంటే నోరు విప్పడానికే 600 మిల్లీసెకన్లు పడుతుంది. మరి 200కే జవాబెలా వస్తోంది? అవతలివాళ్ల మాట ఇంకా సాగుతుండగానే మనం జవాబు కూర్చుకుంటున్నాం కాబట్టి. వింటూనే, ఆ వాక్యం ఎక్కడ ముగుస్తుందో అంచనా కడుతున్నాం.

తెలుగులో ఇది మరీ కష్టమనిపిస్తుంది. ‘రేపు మీ అన్నయ్య వస్తున్నాడు’, ‘వస్తున్నాడా’, ‘వస్తున్నాడట’: కబురో, ప్రశ్నో, విన్న మాటో చివరి అక్షరం దాకా తేలదు. అయినా గొంతు తీరు, చూపు, సందర్భం ముందే చెప్పేస్తాయి. జపనీస్‌లోనూ క్రియ చివరే వస్తుంది, అయినా వేగంలో మొదటి స్థానం దానిదే. ఆ పదింటిలో తెలుగు లేదు. మన అరుగుల మీది మాటలనూ ఎవరైనా ఇలా కొలవాలని నా కోరిక.

మాట్లాడే వంతు ఎవరిదో తేల్చే పద్ధతిని పరిశోధకులు శాక్స్, షెగ్లాఫ్, జెఫర్సన్ 1974లో వివరించారు. మాట్లాడేవారు ‘నువ్వేమంటావు బావా?’ అంటే వంతు బావది. ఎవరినీ అడగకపోతే ముందు అందుకున్నవారిది. ఎవరూ అందుకోకపోతే మొదటివారే కొనసాగించవచ్చు. మధ్యలో మనం కొట్టే ‘ఊఁ’ వంతు లాక్కోవడం కాదు, ‘వింటున్నా, చెప్పు’ అనడం.

మౌనానికీ అర్థం ఉంటుంది.

‘ఆదివారం మా ఇంటికి వస్తావా వదినా?’

సెకను గడిచినా జవాబు లేదు.

‘పోనీలే, పిల్లలకు పరీక్షలేమో!’

వదిన కాదనకముందే, అడిగినావిడే సాకు అందించేసింది. ఆలస్యమైన జవాబు చాలాసార్లు ‘కుదరదు’ అనే వస్తుందని మనకు అలవాటైపోయింది.

అమెరికాలో ఉన్న పిల్లలతో వీడియో కాల్‌లో చిక్కు ఇక్కడే. మాట అవతలికి చేరడానికి 150 మిల్లీసెకన్లు మించకపోతే మేలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫారసు. నెట్ సరిగా లేనప్పుడు అది దాటుతుంది. రాకపోకలు రెండూ కలిస్తే జాప్యం రెట్టింపు. అమ్మ ‘బాగున్నావా?’ అన్నాక వచ్చే ఆ ఖాళీ లైనుది, కానీ ఆమెకు అది కొడుకు గొంతులోని దిగులుగా తోస్తుంది. ఉండబట్టలేక మళ్లీ అడుగుతుంది, సరిగ్గా అప్పుడే అతని ‘బాగున్నానమ్మా’ వచ్చి ఆమె మాట మీద పడుతుంది.