బొమ్మలను కదలించు యంత్రము

అమరావతి స్తూపపు శిల్పములలో ఒక గుండ్రని ఫలకము సుప్రసిద్ధమైనది. క్రీస్తు శకము రెండవ శతాబ్దమునాటి ఆ ఫలకము నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియములో ఉన్నది. మదించిన నాళాగిరి యను ఏనుగు రాజగృహ నగర వీథిలో జనులను తొక్కుచు పరుగెత్తుటను శిల్పి ఒకవైపున చెక్కెను. అదే ఏనుగు బుద్ధదేవుని పాదములకడ మోకరిల్లుటను మరియొకవైపున చెక్కెను. ఒకే రాతిపై ఒకే ఏనుగు రెండు మారులు కనిపించును. చూపరి కన్ను మొదటి రూపమునుండి రెండవ రూపమునకు సాగునంతలో నడిమి కథ మనస్సులో కదలును. కదలని దానిలో కదలికను చూపవలెనను కోరిక తెలుగునాట అంత ప్రాచీనమైనది. పిమ్మట తోలుబొమ్మలాటవారు తెరవెనుక దీపము నుంచి ఆ కోరికను మరికొంత తీర్చిరి.

నేడు ఆ పనిని కంప్యూటరు చేయుచున్నది. ఒక బొమ్మకును మరియొక బొమ్మకును స్వల్ప భేదముండునట్లు వరుసగా గీసి, క్షణమునకు 24 చొప్పున కంటియెదుట నడపినచో బొమ్మ నడచినట్లే తోచును. దీనినే యానిమేషన్ అందురు. హైదరాబాదులో 2001లో రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థనుండి వెలువడి, 2008లో టెలివిజనులో ప్రవేశించిన ‘ఛోటా భీమ్’ను ఎరుగని బాలలు అరుదు. 2012లో విడుదలయిన ‘ఈగ’ చిత్రములో ముఖ్యపాత్రయైన ఈగ సైతము కంప్యూటరు సృష్టియే.

ఇట్టి బొమ్మలను తామును గీయవలెనను ఉత్సాహము పల్లెలలోని పిల్లలకును కలుగుట సహజము. బాపట్ల జిల్లాలోని మార్టూరు జాతీయ రహదారిపై నున్న ఊరు. చుట్టును ప్రత్తి, మిరప చేలు; ఊరివెంట గ్రానైటు పలకలు కోయు మిల్లులు. అట్టిచోట రైతుకుటుంబమునకు రొక్కము ముఖ్యముగా పంట అమ్మినపుడే చేతికి వచ్చును. విత్తనములు, ఎరువులు, కూలి, చదువు, వైద్యము అన్నియు ఆ సంచిలోనుండియే జరుగవలెను. ఆ సంచిలోనుండి కంప్యూటరునకు తీసిన ప్రతి రూపాయియు సద్వినియోగము కావలెను. కావున ఏ భాగము ఏ పనికి అక్కరకు వచ్చునో తెలిసికొని కొనుట విద్యార్థి ధర్మము. తెలియక కొన్నచో రంగురంగుల దీపములకే సొమ్ము చెల్లును. పని మాత్రము సాగదు.

నేలను చూచి విత్తనమును ఎంచినట్లు, పనిని చూచి యంత్రమును ఎంచవలెను. పని మూడు విధములు. నిలుకడయైన బొమ్మలు గీయుట మొదటిది. వానిని వరుసగా గీసి కదలించుట రెండవది. మట్టిబొమ్మవలె అన్ని వైపులను గల ఆకారములను కంప్యూటరులో నిర్మించి, వెలుగునీడలతో చూపుట మూడవది. మొదటి రెండింటికి సామాన్య యంత్రము చాలును. మూడవది మాత్రమే అధిక వ్యయమును కోరును.

కంప్యూటరునకు మెదడు ప్రాసెసరు. ఇంటెల్, ఏ.ఎమ్.డి. అను రెండు సంస్థలవి అంగళ్ళలో దొరకును. ప్రాసెసరులలో కొన్నింటికి తెరపై బొమ్మను చూపు శక్తి లోపలనే యుండును. అట్టిది కొన్నచో ఆరంభదశలో వేరుగా గ్రాఫిక్సు కార్డు కొనవలసిన పని లేదు. ఆరు కోర్లు గల ఏ.ఎమ్.డి. రైజెన్ 5 5600జి ఇట్టిదే. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ‘ఎఫ్’ అను అక్షరమున్నచో దానికి ఆ శక్తి లేదని గ్రహింపవలెను. అది కొంత చౌకగా దొరకినను, గ్రాఫిక్సు కార్డు లేక తెర వెలుగదు.

ప్రాసెసరు కూర్చుండు పీట మదరుబోర్డు. బండి ఇరుసునకు సరిపడని చక్రము ఎంత గట్టిదైనను నిరుపయోగము. అటులనే ప్రాసెసరు, మదరుబోర్డు, ర్యాము ఒకదాని కొకటి పొసగవలెను. పైన చెప్పిన 5600జి ఏ.ఎమ్.4 అను అమరికకు చెందినది, దానికి డి.డి.ఆర్.4 జాతి ర్యామే పట్టును. డి.డి.ఆర్.5 ర్యాము అందులో దూరనే దూరదు.

ర్యామనగా పని జరుగుచున్నంతసేపు బొమ్మలను పరచుకొను బల్ల. ఈ బల్ల ఎంత విశాలముగా నుండవలెనో లెక్కవేసి చూడవచ్చును. అచ్చునకు పనికివచ్చునట్లు ఏ4 కాగితమంత బొమ్మ గీయుటకు అడ్డముగా 2480, నిలువుగా 3508 చుక్కలు, అనగా సుమారు 87 లక్షల చుక్కలు కావలెను. ఒక్కొక్క చుక్కకు 4 బైట్ల చొప్పున అది సుమారు మూడున్నర కోట్ల బైట్లగును. చిత్రకారుడు ముఖమొక పొరపైనను, వస్త్రమొక పొరపైనను, ఆకాశమొక పొరపైనను గీయును. అట్టి నిండు పొరలు 20 అయినచో సుమారు 70 కోట్ల బైట్లు. కదలు బొమ్మలకు ఇంకను హెచ్చు. 1920, 1080 చుక్కల కొలతగల తెరబొమ్మ యొకటి సుమారు 83 లక్షల బైట్లు. పది క్షణముల కదలికకు 240 బొమ్మలు. ఒక్క పొరకే దాదాపు 200 కోట్ల బైట్లు, అనగా 2 జి.బి. కంప్యూటరు నడుచుటకే మరికొంత కావలెను. కావున 8 జి.బి. తో ప్రారంభింపవచ్చును గాని, 16 జి.బి. యున్నచో పని సాఫీగా సాగును. 16 జి.బి. ముక్క ఒకటి కంటె, 8 జి.బి. ముక్కలు రెండు జంటగా అమర్చుట మేలు. జోడెద్దుల కాడివలె అవి రెండును కలిసి పనిచేయుటచే, ప్రత్యేకమైన గ్రాఫిక్సు కార్డు లేని యంత్రమునకు వేగము హెచ్చును.

గీసిన బొమ్మలను దాచు గాదె డిస్కు. పాత జాతి హార్డు డిస్కులో పళ్ళెము గిరగిర తిరుగుచుండును. చౌక, కాని మందగతి. ఎస్.ఎస్.డి.లో తిరుగు భాగములు లేవు. కావున అది మిక్కిలి వేగవంతము. చిన్న ఎస్.ఎస్.డి. నొకదానిని ముందుగా కొని, బొమ్మలు పెరిగిన పిమ్మట హార్డు డిస్కును చేర్చుకొనవచ్చును.

చిత్రకారునకు అన్నింటికంటె దగ్గరిది చేతిలోని కలము. మౌసుతో గీయుట పిడికిలితో ముగ్గు వేయుట వంటిది. పెన్ టాబ్లెట్ అను పలకపై కలమునదిమిన కొలది గీత లావగును. తేలికగా రాచినచో సన్నమగును. తెర గలిగిన పలకలు వెలగలవి. తెర లేని చిన్న పలకతో అభ్యాసము చేయువారికి కొలది దినములలో కన్నును చేయియు కలిసివచ్చును. మానిటరు కొనునపుడు ఐ.పి.ఎస్. జాతిది చూడవలెను. అందులో ప్రక్కనుండి చూచినను రంగు మారదు.

జనులు తరచుగా ఉపేక్షించు భాగము పవరు సప్లై. పల్లెలలో కరెంటు ఒకపుడు తగ్గును, ఒకపుడు హెచ్చును, చెప్పకయే పోవును. నాసిరకపు సప్లై చెడుచు తక్కిన భాగములను కూడ చెరుపగలదు. కావున పేరుగల సంస్థ తయారుచేసిన సప్లైయు, పనిని భద్రపరచుకొను వ్యవధినిచ్చు యు.పి.ఎస్.యు, గోడ ప్లగ్గునకు సరియైన ఎర్తుయు అవసరములు. ప్రత్తినూగు, మిరపధూళి, రాతిపొడి గాలిలో నుండు ఊళ్ళలో పెట్టెకు గాలి చొచ్చు చోట జాలి యుండవలెను. దానిని అప్పుడప్పుడు దులుపుచుండవలెను. దుమ్ము పట్టిన ఫంకా వేడిని వెడలగొట్టలేదు. వేడెక్కిన ప్రాసెసరు తన వేగమును తానే తగ్గించుకొనును.

సాఫ్టువేరునకు సొమ్ము వెచ్చింపనక్కర లేదు. గీయుటకు క్రిటాయు, బొమ్మలను కదలించుటకు 2016 నుండి అందరికిని ఉచితమైన ఓపెన్ టూన్జ్‌యు, మూడవ విధపు పనికి బ్లెండరును కలవు. మూడవ విధపు పనిలో చేయి తిరిగిన నాడే గ్రాఫిక్సు కార్డు కొనవచ్చును. దానికి మదరుబోర్డులో చోటును, పవరు సప్లైలో శక్తియు ముందుగానే ఉండునట్లు చూచుకొనుట వివేకము.

లాత్వియా యను చిన్న దేశములో గింట్స్ జిల్బలోడిస్ అను యువకుడు కొద్దిమంది తోడ్పాటుతో, బ్లెండరు సహాయమున ‘ఫ్లో’ అను చిత్రమును నిర్మించెను. వరదలో చిక్కిన నల్లపిల్లి కథ యది. అందులో మాటలే లేవు. తుది బొమ్మలను పెద్ద యంత్రశాలలలో గాక తన కంప్యూటరుపైననే అతడు సిద్ధపరచెను. 2025లో ఆ చిత్రము ఉత్తమ యానిమేషన్ చిత్రముగా ఆస్కారు బహుమతిని పొందెను.

మంచమున్నంతవరకే కాళ్ళు చాపుకొనవలెనని పెద్దల మాట. మంచము చిన్నదైనంత మాత్రమున నిద్ర రాకపోదు. యంత్రము గీతను గీయదు; గీయువాని చేతికి తోడ్పడును. ఒక నోటుపుస్తకపు అంచులలో పరుగెత్తు ఎద్దును పుటపుటకు గీసి, వ్రేలితో పుటలను జారవిడిచి నడిపింప నేర్చిన బాలునకో బాలికకో కొలది వెల యంత్రమైనను చాలును. ఆ అభ్యాసమునకు పంట అమ్ముటవరకు ఆగవలసిన పని లేదు.