గుమ్మం కర్రకు చేవ చూడండి, తేమ చూడండి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పునాది రాయి, ఇటుక, సిమెంటు, ఇనుము... వీటన్నిటినీ నలుగురినీ అడిగి లెక్కగా కొనే రైతు కూడా కర్ర దగ్గరికి వచ్చేసరికి తడబడతాడు. ఇటుక మంచిదో కాదో చేత్తో తట్టి చెప్పొచ్చు. కర్ర అలా కాదు. అడితిలో నున్నగా, ఎర్రగా నిలబడి ఉంటుంది. దాని అసలు గుణం ఏడాది తిరిగాక గాని బయటపడదు. వానాకాలంలో తలుపు పట్టేస్తుంది, ఎండాకాలంలో సందు పడుతుంది. ద్వారబంధం మూలలు విడిపోతాయి. మరో ఏడాదికి గడప మీద తెల్లటి పొడి రాలడం మొదలవుతుంది.

ఇందులో ఇంకో నష్టం ఉంది. ఆ గుమ్మం కోసమే రైతు తన చేనుగట్టు మీద ముప్పై ఏళ్లుగా పెరిగిన వేపనో, నల్లతుమ్మనో నిలువు బేరానికి, వచ్చిన కాడికి అమ్మేస్తాడు. ఆ డబ్బు పట్టుకెళ్లి పట్నం అడితిలో పచ్చి కర్ర కొంటాడు. చేవ అమ్మి తేమ కొన్నట్టన్నమాట! ఎకరం, రెండెకరాల రైతుకు గట్టు మీది చెట్టు బ్యాంకులో డబ్బులాంటిది. దాన్ని అలా పోగొట్టుకోకూడదు. ఈ ఎండాకాలం ఇల్లు మొదలుపెట్టాలనుకునే రైతులు కర్ర విషయంలో ఈ మెలకువలు పాటిస్తే మేలు.

చేవ అంటే...

చెట్టును అడ్డంగా కోస్తే రెండు రంగులు కనిపిస్తాయి. బయటివైపు లేత రంగు చెక్క, లోపల ముదురు రంగు చెక్క. లోపలి ముదురు భాగమే చేవ. బయటి తెల్ల చెక్క చెట్టు బతికున్నప్పుడు నీరు మోసే భాగం. అందులో పిండి పదార్థం ఉంటుంది కాబట్టి పుచ్చు పురుగు ముందు దాన్నే పట్టుకుంటుంది. చెదలకూ, కుళ్లుకూ అదే ముందు లొంగుతుంది. టేకైనా సరే, తెల్ల చెక్క తెల్ల చెక్కే. "టేకు కదా, చెద పట్టదు" అని ధీమాగా ఉండొద్దు. చెద పట్టనిది టేకు చేవకు గాని, టేకు పేరుకు కాదు.

పది, పన్నెండేళ్ల లేత టేకులో తెల్ల చెక్క ఎక్కువ, చేవ తక్కువ. అలాంటి టేకు కంటే ముదురు వేప చేవ నయం. దుంగ నట్టనడిమి బెండు ఉన్న కర్ర కూడా ద్వారబంధానికి పనికిరాదు. ఎండేకొద్దీ అక్కడి నుంచే పగులు తీస్తుంది.

ఏ కర్ర ఎక్కడికి?

టేకు: తలుపు రెక్కలకు దీనికి మించింది లేదు. ఎండినా, తడిసినా పెద్దగా కదలదు. పనిముట్టుకు సులువుగా లొంగుతుంది. అయితే ఇల్లంతా టేకే వాడాలన్న నియమం లేదు. చేతిలో డబ్బు తక్కువైతే సింహద్వారం తలుపుకు మాత్రం టేకు పెట్టి, మిగతా వాటికి వేరే కర్ర చూసుకోవచ్చు.

నల్లమద్ది: బరువైన, బలమైన కర్ర. ద్వారబంధాలకు, దూలాలకు బాగుంటుంది. అయితే తొందరపడి ఎండలో ఆరబెడితే పగుళ్లిస్తుంది. నీడలో నిదానంగా ఆరాలి. మేకు కొట్టే ముందు బెజ్జం వేయాలి.

వేగిస: ద్వారబంధాలకు, కిటికీలకు పాతకాలం నుంచీ పేరున్న కర్ర. తడిస్తే రంగు దిగి గోడకు మరక పడుతుంది. కాబట్టి బిగించే ముందే పూత వేయాలి.

వేప: మన గట్ల మీద పుష్కలంగా ఉన్నదే. ముదురు వేప చేవ పురుగును బాగానే తట్టుకుంటుంది. నార అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది కాబట్టి చిత్రిక పట్టడానికి వడ్రంగికి కాస్త శ్రమ. ద్వారబంధాలకు, కిటికీ చట్రాలకు నిశ్చింతగా వాడొచ్చు.

నల్లతుమ్మ: బండి చక్రాలకు, నాగళ్లకు తరతరాలుగా వాడిన కర్ర. దాని గట్టిదనం రైతుకు చెప్పనక్కర్లేదు. చేవ వరకే వాడాలి. కొట్టిన వెంటనే బెరడు తీయకపోతే పురుగు చేరుతుంది.

పనస: బొబ్బిలి వీణ చేసేది ఈ కర్రతోనే. పసుపు రంగు చేవ ఉన్న ముదురు పనస తలుపులకు, కిటికీలకు పనికొస్తుంది. తోటలున్న వాళ్లు కాపు తగ్గిన పాత చెట్లను చూసుకోవచ్చు.

మామిడి: గుమ్మాలకు వద్దు. పురుగు, తేమ రెండింటికీ త్వరగా లొంగుతుంది. మందు పట్టించి ఇంటి లోపల అరలకు వాడుకోవచ్చు.

జామాయిల్: కోసిన తర్వాత మెలి తిరగడం, చివర్లు చీలడం దీని స్వభావం. తలుపులకు తగదు.

స్నానాల గదికి, మరుగుదొడ్డికి ఏ కర్ర పెట్టినా రోజూ తడుస్తూనే ఉంటుంది. అక్కడ సిమెంటు ద్వారబంధం పెట్టుకోవడమే తెలివి. ఆ డబ్బు ముందు గుమ్మానికి మిగులుతుంది.

తేమ సంగతి

వడ్లు కొనుగోలు కేంద్రానికి తీసుకెళితే 17 శాతం తేమ దాటిందని వెనక్కి పంపుతారు. మన ధాన్యానికి అంత కచ్చితంగా తేమ చూసే లోకంలో, మనం కొనే కర్రకు తేమ ఎందుకు చూడకూడదు? అప్పుడే కొట్టిన చెట్టులో, ఎండు కర్ర బరువులో సగానికి పైగా నీరే ఉండొచ్చు. తలుపులు, కిటికీలు చేయడానికి అది 10 నుంచి 14 శాతానికి దిగాలి. అడుగు వెడల్పు పచ్చి పలక ఆరేసరికి అర అంగుళం దాకా కుంచించుకుపోవచ్చు. పొడవులో మాత్రం దాదాపు తేడా రాదు. తలుపు సందులు పడటానికి, కీళ్లు వదలడానికి కారణం ఇదే.

తేమ తెలుసుకోవడానికి యంత్రం లేకపోయినా ఫర్వాలేదు. కర్ర చివర నుంచి కాకుండా, ఒక అడుగు లోపలి నుంచి చిన్న ముక్క కోయించండి. కిరాణా కొట్లో ఎలక్ట్రానిక్ కాటా మీద తూయించండి. దాన్ని చిన్న చిన్న చెక్కలుగా చీల్చి, మాడకుండా పెనం మీద సన్నటి సెగన ఆరబెట్టి మళ్లీ తూయండి. బరువు ఇక తగ్గదన్నంత వరకు ఇలా చేయాలి. మొదట 100 గ్రాములుండి చివరకు 80 గ్రాములైతే, పోయిన నీరు 20 గ్రాములు. 20ని 80తో భాగిస్తే 25 శాతం తేమ. ఆ కర్రతో ఇప్పుడే తలుపు చేయిస్తే ఏడాదిలో మళ్లీ వడ్రంగిని పిలవాల్సిందే.

అడితిలో చూడవలసినవి

1. కర్ర రెండు చివర్లూ చూడండి. చేవ ఎంత, తెల్ల చెక్క ఎంత అన్నది అక్కడే తెలుస్తుంది. చివర్లకు రంగు పూసి ఉంటే కొంచెం చెక్కించి చూడండి.

2. కర్ర అంచుకు కన్ను ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకు చూడండి. నాగలి కోల ఎంచేటప్పుడు ఎలా చూస్తామో అలాగే. వంపు, మెలి ఉంటే తెలిసిపోతుంది.

3. మరో కర్రతో తట్టండి. ఎండింది ఖంగుమంటుంది, పచ్చిది బొద్దుగా మోగుతుంది.

4. ముళ్లు, కణుపులు చూడండి. చుట్టూ నల్లటి గీత ఉండి కదిలే కణుపు కొన్నాళ్లకు ఊడిపోతుంది. గట్టిగా అతుక్కున్న చిన్న కణుపుతో భయం లేదు.

5. సన్న బెజ్జాలుంటే వాటి కింద తాజా పొడి ఉందేమో చూడండి. పొడి రాలుతుంటే పురుగు లోపలే ఉన్నట్టు.

6. టేకు అని చెబితే ఒక మూల చిత్రిక పట్టించండి. టేకులో వలయాల గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. చేత్తో రాస్తే నూనె జిడ్డు తగులుతుంది, దాని వాసన వేరు. వేరే కర్రకు రంగు పట్టించి టేకని అంటగట్టేవాళ్లున్నారు. చిత్రిక పడితే పై రంగు లేచిపోతుంది.

7. "బల్లార్షా", "సీపీ", "బర్మా" అనే పేర్లకే ధర పెట్టకండి. బర్మా, అంటే నేటి మయన్మార్, 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతిని ఆపేసింది. ఇప్పుడొచ్చే టేకులో ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల తోటల కర్రా ఉంది. పేరు కన్నా చేవ ముఖ్యం.

8. బిల్లు తప్పక తీసుకోండి. దానిలో కర్ర పేరు, సైజు, ఎన్ని ముక్కలు, ఎన్ని ఘనపుటడుగులు అన్నీ రాయించండి.

కొలతలో మోసపోవద్దు

కోత కర్రకు లెక్క సులువు. వెడల్పు అంగుళాల్లో, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో తీసుకుని మూడూ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. ఉదాహరణకు 5 బై 3 ద్వారబంధానికి 7 అడుగుల నిలువు కర్రలు రెండు, 4 అడుగుల అడ్డ కర్రలు రెండు కావాలి. మొత్తం 22 అడుగులు. 22ను 5తో, 3తో గుణిస్తే 330. దాన్ని 144తో భాగిస్తే సుమారు 2.3 ఘనపుటడుగులు.

ఇప్పుడు టేపు పెట్టి చూడండి. చాలాచోట్ల 5 బై 3 అని చెప్పే కర్ర నిజానికి 4.75 బై 2.75 ఉంటుంది. అలాగైతే మీకు దక్కేది 2 ఘనపుటడుగులే. పావు అంగుళమే కదా అనుకుంటే, డబ్బులో ఎనిమిదో వంతు పోయినట్టు. కాబట్టి కొలిచాకే ధర మాట్లాడండి.

దుంగ లెక్క వేరు. దుంగ నడిమి చుట్టుకొలతను అంగుళాల్లో తీసి 4తో భాగించాలి. వచ్చిన దాన్ని దానితోనే గుణించి, పొడవు అడుగులతో గుణించి, 144తో భాగించాలి. చుట్టుకొలత 48 అంగుళాలు, పొడవు 10 అడుగులుంటే 10 ఘనపుటడుగులు. ఈ పద్ధతిలో అసలు పరిమాణంలో 78 శాతమే లెక్కకొస్తుంది. మీ చెట్టు అమ్మేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. తాడు బిగించి మీరే కొలవండి, వ్యాపారి చేతికి వదలొద్దు.

మన చెట్టే మన గుమ్మం

పైన చెప్పిన 10 అడుగుల దుంగ తిన్నగా, చేవగా ఉంటే కోతలో ఆరేడు ఘనపుటడుగుల సైజు కర్ర వస్తుంది. అంటే రెండు ద్వారబంధాలు, పైగా కిటికీ చట్రాలకు కొంత. నిలువు బేరంలో వ్యాపారి ఇస్తానన్న ధరను, అదే కర్ర అడితిలో కొంటే అయ్యే ధరతో పోల్చి చూడండి. కోత కూలి, బండి కిరాయి కలుపుకున్నా తేడా ఎంతో మీకే తెలుస్తుంది.

అయితే దీనికి ఓపిక కావాలి. ఇల్లు కట్టే ఏడాదికి ముందే చెట్టు కొట్టాలి. బెరడు తీసి, వెంటనే మిల్లులో కోయించాలి. చివర్లకు తారు గాని, మందంగా రంగు గాని పూయాలి. లేకపోతే చివర్ల నుంచి నీరు త్వరగా పోయి పగుళ్లిస్తాయి. గాలాడే నీడలో, నేలకు అడుగు ఎత్తున రాళ్లు పెట్టి పేర్చాలి. వరుసకూ వరుసకూ మధ్య అంగుళం మందం కర్ర పేడులు రెండడుగులకు ఒకటి చొప్పున, ఒకదాని పైన ఒకటి నిలువుగా వచ్చేలా ఉంచాలి. పైన బరువు పెడితే మెలి తిరగదు. అంగుళం పలకలు మూడు, నాలుగు నెలల్లో ఆరతాయి. మూడంగుళాల ద్వారబంధం కర్రకు దాదాపు ఏడాది పడుతుంది.

అంత సమయం లేనివారు పాత ఇళ్లు పడగొట్టిన చోట కర్ర వెతకండి. ఏళ్ల తరబడి ఆరిన దూలాలు, ద్వారబంధాలు దొరుకుతాయి. మేకులు పీకించి, చెద తిన్న భాగం కోసేసి వాడుకోవచ్చు.

అనుమతి లేకుండా గొడ్డలి పెట్టొద్దు

చెట్టు మన పొలంలోదే అయినా చట్టం ఉంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి తీసుకోవాలి. కొన్ని జాతులకు మినహాయింపులున్నాయి. కర్రను బండి మీద తరలించడానికి రవాణా అనుమతి వేరుగా కావలసి రావచ్చు. అటవీ రేంజి కార్యాలయానికి వెళ్లి మీ చెట్టు పేరు చెప్పి, రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టుకోండి. దారిలో బండి ఆగితే పోయేది ఒక్క కర్రే కాదు.

పురుగు, చెద

తెల్ల చెక్క కొంత వాడక తప్పకపోతే 100 లీటర్ల నీటిలో 3 కిలోల వెలిగారం, 2 కిలోల బోరిక్ యాసిడ్ కరిగించి, కర్రను అందులో నానబెట్టి నీడలో ఆరనివ్వాలి. ఇది ఇంటి లోపల వాడే కర్రకే. వాన పడేచోట కడుక్కుపోతుంది. పశువులు, పిల్లలు ఆ నీళ్ల దరికి రాకుండా చూడాలి. చేలో కొట్టగా మిగిలిన పురుగుమందును మాత్రం కర్రకు పూయకండి. ఆ గదిలో పడుకునేది మన పిల్లలే.

గోడలోకి పోయే కర్ర భాగానికి తారు పూయండి. గడప కింద మట్టి తగలకుండా రాయి గాని, సిమెంటు గాని ఉండాలి. ద్వారబంధానికి బిగించక ముందే అన్ని వైపులా ప్రైమరు వేయించండి. గోడ పూత పూర్తిగా ఆరాకే తలుపు రెక్కలు ఎక్కించండి. పచ్చి గోడల తేమను కర్ర పీల్చుకుంటే ఇంతవరకు పడ్డ శ్రమంతా వృథా.

విత్తనం కొనేటప్పుడు గుప్పిట్లో పోసుకుని చూస్తాం. ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తాం, నడిపించి చూస్తాం. యాభై ఏళ్లు మన గుమ్మంలో నిలబడే కర్రను చూడకుండా కొనడం ఎందుకు? ఈసారి అడితికి వెళ్లేటప్పుడు జేబులో టేపు, వెంట మన ఊరి వడ్రంగి ఉండేలా చూసుకోండి. ఆయనకిచ్చే ఒక రోజు కూలి పోగొట్టుకున్న డబ్బు కాదు. ఇక గట్టు మీది చెట్టు కొట్టినవారు తొలకరికి అక్కడే రెండు మొక్కలు నాటండి. మీ మనవడి ఇంటి గుమ్మానికి అప్పుడే అచ్చారమిచ్చినట్టవుతుంది.