ఎదిగే సంస్థ దేన్ని లెక్కపెట్టాలి?

కొత్త సంస్థలో పదిమందే ఉన్నంతకాలం సంస్కృతి గురించి ప్రత్యేకంగా చెప్పవలసిన పని ఉండదు. ఏది ముఖ్యమో స్థాపకుడి పనిని చూసే అందరూ గ్రహిస్తారు. సిబ్బంది వందలకు పెరిగాక ఆ సాన్నిహిత్యం పోతుంది. అప్పుడు ఉద్యోగులకు దారి చూపేది గోడమీది ఆశయం కాదు, నెలాఖరున పైవారు అడిగే అంకె. ఆ అంకె ఆశయానికి ఎంత ఎడమైతే సంస్థ కూడా అంత ఎడమవుతుంది. స్టార్టప్‌లను వేధించే ఈ సమస్య మన నేత్రవైద్య చరిత్రలో తేటగా కనిపిస్తుంది.

అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం 1976లో మొదలైంది. 1994 నుంచి ప్రపంచబ్యాంకు సాయంతో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాలలో శుక్లాల శస్త్రచికిత్సలను విస్తరించారు. ప్రధానమైన కొలమానం ఆపరేషన్ల సంఖ్య. ఆపరేషన్ తరువాత రోగికి ఎంత చూపు వచ్చిందన్న ప్రశ్నకు ఆ సంఖ్యలో చోటు లేదు.

ఆ ప్రశ్నకు జవాబు ఆసుపత్రి రికార్డులలో దొరకదు. ఆసుపత్రికి రానివారిని కూడా పరీక్షించాలి. డా. గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో ప్రారంభించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ ఆ పని చేసింది. 1996–2000 మధ్య జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనంలో అన్ని వయసులవారు 10,293 మందిని పరీక్షించారు. అంధత్వం 1.84 శాతం మందిలో కనిపించింది. అందులో శుక్లాల వాటా సగంకన్నా తక్కువ. ఒక మోస్తరు దృష్టిలోపానికి అతిపెద్ద కారణం సరైన కళ్ళద్దాలు లేకపోవడం. అంటే, ఆపరేషన్లను మాత్రమే లెక్కించే వ్యవస్థకు కళ్ళజోడుతో బాగయ్యే మనిషి కనిపించడు.

ఆ సంస్థ విస్తరించిన తీరులో ఈ అవగాహన ఉంది. 1996లో ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో గ్రామీణ కంటి ఆసుపత్రి వెలసింది. క్రమంగా అంచెల నిర్మాణం ఏర్పడింది: సుమారు 50,000 జనాభాకు ఒక దృష్టికేంద్రం, 5 లక్షలకు శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రి, ఆపైన పెద్ద సంస్థలు. దృష్టికేంద్రంలో ఉండేది శస్త్రవైద్యుడు కాదు, శిక్షణ పొందిన స్థానిక యువతీయువకులు. వారి పని పరీక్షించడం, అద్దాలివ్వడం, అవసరమైనవారిని పై అంచెకు పంపడం. ప్రతి అంచెకూ పని వేరు, గమ్యం ఒకటే. లక్ష్యాల సమన్వయమంటే అందరికీ ఒకే అంకెను పంచడం కాదు. ఎవరి అంకె అయినా ఆ ఉమ్మడి గమ్యానికే చేరేలా చూడడం.

ఇక్కడొక హెచ్చరిక అవసరం. ఫలితాన్ని కొలవడం మొదలుపెట్టగానే చిక్కు తీరిపోదు. చూపు వచ్చినవారి శాతాన్నే అడిగితే, కష్టమైన కేసులను తప్పించుకోవాలనే ప్రలోభం వైద్యుడికి కలుగుతుంది. తృప్తిచెందిన వినియోగదారుల శాతాన్నే చూసే స్టార్టప్ కూడా ఇలాగే విడిచివెళ్ళినవారిని మరచిపోతుంది. అందుచేత రెండు ప్రశ్నలు జంటగా సాగాలి: వచ్చినవారికి ఏం మేలు జరిగింది? రానివారు ఎవరు? రెండవ ప్రశ్నను సంస్థలోని అతి చిన్న ఉద్యోగి కూడా నిర్భయంగా అడగగలిగితే, అక్కడ సంస్కృతి ఉన్నట్లే.