గూళ్ల రేటు ఎక్కడ తెగుతుంది?

ఒకే బ్యాచ్ గూళ్లు. నిన్న పక్కింటాయనకు ఒక రేటు, ఈరోజు మనకు కిలోకి యాభై తక్కువ. గూడు మారలేదు. మారింది పాటకొచ్చిన రీలర్ల లెక్క.

అమ్మేవాళ్లం వేలమంది, కొనేవాళ్లు కొద్దిమంది. పైగా మనకు టైం లేదు. నాలుగు రోజులు ఆలస్యమైతే చిలుక గూడు తొలుచుకుని వస్తుంది. బళ్లారి నుంచి రామనగరం 300 కిలోమీటర్ల పైమాటే. బాడుగ కట్టి పోయినవాడు సరుకు వాపసు తేలేడని రీలరుకు తెలుసు. బండివాడు హారన్ కొడుతున్నాడని మేమూ ఒకసారి తక్కువకే తల ఊపి వచ్చాం.

రీలరు ఎంతదాకా పాడగలడో మనమూ లెక్క వేయొచ్చు. 7 కిలోల గూళ్లకు కిలో నూలు, నూలు రేటు 4,200 అనుకుందాం. కిలో గూళ్లకు 600 వస్తుంది. అందులో కూలి, కట్టెలు, కరెంటు పోవాలి. వేస్టు, ప్యూపా అమ్మిన డబ్బు కొంత కలుస్తుంది. పాట మరీ కిందుంటే ఒప్పుకోకుండా రెండో పాట అడగొచ్చు.

అన్నిసార్లూ రీలరుదే తప్పు కాదు. ధర్మవరంలో చీరలు కదలకపోతే నూలు బాకీలు ఆగిపోతాయి, చేతిలో డబ్బు లేని రీలరు పాటకు రాడు. 2011లో కేంద్రం ముడిపట్టు దిగుమతి సుంకం 30 నుంచి 5 శాతానికి దించితే, చైనా నూలు దెబ్బ మన చంద్రికల దాకా వచ్చింది.

అందుకే బండి ఎక్కించే ముందు రామనగరానికీ, శిడ్లఘట్టకూ ఫోన్ చేయండి. నిన్నటి రేటు ఒక్కటే కాదు, ఎన్ని లాట్లు దిగాయి, ఎంతమంది పాడారు అని కూడా అడగండి.